వెబ్ ఆప్షన్ల రద్దీకి ముందే: విండోస్ 7 సిస్టమ్‌లో బ్రౌజర్ జాగ్రత్తలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి మా ఊళ్లో జెరాక్స్ షాపుల ముందు నిలబడే చోటు ఉండదు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్, తెలంగాణ వైపు డిగ్రీకి దోస్త్, స్కాలర్‌షిప్పులు, మధ్యలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఆ షాపుల సిస్టమ్‌లు బాగుచేసేది నేనే. వాటిలో చాలావాటిలో ఇప్పటికీ విండోస్ 7 నడుస్తోంది. ఈ నాలుగు మాటలు ఆ షాపుల వాళ్లకోసం, ఇంట్లో పాత సిస్టమ్ మీదే పిల్లల అప్లికేషన్లు పెట్టే వాళ్లకోసం.

విండోస్ 7 తీసి పారేయమని నేను ఎవరికీ చెప్పను. అది ఎందుకు ఉందో నాకు తెలుసు. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 లోనే అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు చేస్తున్నారు. పెద్దబ్బాయి పెళ్లికి చేసిన కార్డు ఫైలు తెరిచి, చిన్నబ్బాయి పెళ్లికి పేర్లూ ముహూర్తమూ మార్చి గంటలో ఇచ్చేయాలి. కొత్త విండోస్ ఎక్కిస్తే ఆ అను తెరుచుకుంటుందో లేదో, పాత ప్రింటరుకు డ్రైవర్ దొరుకుతుందో లేదో. ఆ భయం న్యాయమైనదే. కార్డుల పనికి ఆ సిస్టమ్ అలాగే ఉండనివ్వండి. చిక్కల్లా దాని మీదే ఇంటర్నెట్ పని కూడా చేస్తున్నప్పుడు వస్తుంది.

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14న ఆపేసింది. డబ్బు కట్టిన సంస్థలకు ఇచ్చేవి కూడా 2023 జనవరి 10తో అయిపోయాయి. విండోస్ 8.1కీ అదే రోజు ఆఖరు. ఆ వెంటనే, 2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 విండోస్ 10 ఉంటేనే ఎక్కుతుందన్నారు. అంటే విండోస్ 7 మీద క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్ కూడా 109 దగ్గరే. బయట క్రోమ్ నంబరు 140 దాటింది.

క్రోమ్‌లో పైన సన్నటి పట్టీ ఒకటి వస్తుంటుంది, ఇక ముందు అప్‌డేట్లు కావాలంటే విండోస్ 10 ఉండాలని. రోజూ వచ్చేదే కదా అని ఇంటూ గుర్తు నొక్కేస్తారు. సైట్లు తెరుచుకుంటున్నాయి, పని జరుగుతోంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ లోపల ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అనే ఫోటో రకాన్ని చదివి చూపించే కోడ్‌లో ఒక లోపం బయటపడింది. ఏదీ డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు, ఏదీ నొక్కనక్కర్లేదు. దొంగ ఫోటో ఉన్న పేజీని బ్రౌజర్ తెరిస్తే చాలు. క్రోమ్‌కీ ఫైర్‌ఫాక్స్‌కీ రోజుల్లోనే మరమ్మతు వచ్చింది. ఆ తర్వాత కూడా ఇలాంటివి దొరుకుతూనే ఉన్నాయి. మరమ్మతు బయటికొచ్చిన రోజే, ఆ కోడ్‌లో ఏం మార్చారో చూసి లోపం ఎక్కడుందో పట్టుకునేవాళ్లు ఉంటారు. అప్‌డేట్ అందని సిస్టమ్‌లను వాళ్లు అప్పుడు వెతుక్కుంటారు.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి. ఒక షాపులో వెబ్ ఆప్షన్ల ఆఖరి రోజు. కౌంటర్ దగ్గర తండ్రులు టోకెన్ కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. పనిలో ఉన్న కుర్రాడు ఒక కాలేజీ పేరు కొట్టి ఏదో సైటు తెరిచాడు. స్క్రీన్ నిండా క్రోమ్ గుర్తుతో ఒక పేజీ వచ్చింది: మీ క్రోమ్ పాతబడింది, అప్‌డేట్ చేస్తేనే ముందుకు వెళ్లగలరని. వాడు రోజూ పైన పట్టీలో చూస్తున్న మాటే కదా! ఇన్నాళ్లకు అప్‌డేట్ వచ్చిందనుకుని సంతోషంగా నొక్కాడు. ఒక జిప్ ఫైలు దిగింది. లోపల చిన్న కాగితం చుట్ట బొమ్మతో ఒక ఫైలు, పేరు చూస్తే అప్‌డేట్ అనే ఉంది. డబుల్ క్లిక్ చేశాడు. ఏమీ తెరుచుకోలేదు. రెండోసారి చేశాడు. నేను వెళ్లేసరికి సాయంత్రమైంది. నెట్ వైరు పీకేసి, ఫార్మాట్ కొట్టి, ఆ బ్రౌజర్‌లో సేవ్ అయి ఉన్న ప్రతి పాస్‌వర్డూ వేరే సిస్టమ్ నుంచి మార్పించాం. వాటిలో కస్టమర్లవీ ఉన్నాయి. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టలేదు. అప్‌డేట్ అవసరమని నిజం చెప్పే పట్టీ, అబద్ధం చెప్పే పేజీ రెండూ ఒకే మాట అంటుంటే ఎవరైనా అదే చేస్తారు.

అందుకే షాపులో అందరికీ ఒకే నియమం పెట్టండి. బ్రౌజర్ అప్‌డేట్ ఏ వెబ్ పేజీలోంచీ రాదు. బ్రౌజర్ మెనూలో హెల్ప్, అబౌట్ అని ఉండే చోటు నుంచే వస్తుంది. పేజీ అడిగితే ట్యాబ్ మూసేయాలి, అంతే.

ఇంకో చిన్న పని కూడా ఇవాళే చేయండి. విండోస్ 7 ఫైలు పేరు చివర ఉండే అక్షరాలు దాచిపెడుతుంది, అందుకే ఆ కుర్రాడికి చివర జేఎస్ (.js, నొక్కగానే నడిచే స్క్రిప్ట్ ఫైలు గుర్తు) అని ఉన్నట్టు కనబడలేదు. ఏదైనా ఫోల్డర్ తెరిచి, ఆర్గనైజ్‌లో ఫోల్డర్ అండ్ సెర్చ్ ఆప్షన్స్, అందులో వ్యూ, అక్కడ హైడ్ ఎక్స్‌టెన్షన్స్ అన్న లైను ముందున్న టిక్ తీసేయండి. తర్వాత నోట్‌ప్యాడ్‌లో ఖాళీ ఫైలు ఒకటి చివర జేఎస్ పెట్టి సేవ్ చేసి, దాని మీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ విత్‌లో ఎప్పుడూ నోట్‌ప్యాడ్‌తోనే తెరవమని పెట్టండి. అప్పుడు పొరపాటున ఎవరైనా అలాంటి ఫైలు డబుల్ క్లిక్ చేసినా నోట్‌ప్యాడ్‌లో గజిబిజి అక్షరాలు కనబడతాయే తప్ప అది నడవదు.

ఏ బ్రౌజర్ వాడాలి

విండోస్ 7కి క్రోమ్, ఎడ్జ్ 109 దగ్గర ఆపేసినా ఫైర్‌ఫాక్స్ మాత్రం చేయి వదల్లేదు. 2023 జూలైలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్‌ను (ఎక్కువ కాలం మరమ్మతులు అందే రకం) విండోస్ 7, 8, 8.1 వాళ్ల కోసం భద్రతా మరమ్మతులతో నడుపుతూ వచ్చారు. మొదట 2024 సెప్టెంబరు వరకే అన్నారు, తర్వాత మళ్లీ మళ్లీ గడువు పెంచారు. ఇప్పుడు గడువు ఎంతవరకు ఉందో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సైటులో చూసుకుని, ఆ తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. ఆ గడువు దాటిన సిస్టమ్ మీద అప్లికేషన్ల పని పెట్టుకోవద్దు.

ఎక్కించే ముందు డెస్క్‌టాప్ మీద కంప్యూటర్ గుర్తుపై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. సర్వీస్ ప్యాక్ 1 అని ఉండాలి. 32 బిట్టా 64 బిట్టా అన్నది కూడా అక్కడే ఉంటుంది, రెండింటికీ 115 ఈఎస్ఆర్ దొరుకుతుంది. దాన్ని పాత సిస్టమ్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి డౌన్‌లోడ్ చేయబోకండి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటనల్లో దొంగ సైట్లు కూడా ఉంటాయి. కొత్త సిస్టమ్ ఒకదాంట్లో మొజిల్లా సొంత సైటు నుంచి పూర్తి ఇన్‌స్టాలర్ దించండి. అక్కడే ఆ ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డిజిటల్ సిగ్నేచర్స్ చూడండి. మొజిల్లా కార్పొరేషన్ అని ఉండాలి. ఈ సంతకం పరీక్ష కొత్త సిస్టమ్‌లోనే చేయమనడానికి కారణముంది: కేబీ4474419 అనే 2019 నాటి అప్‌డేట్ పడని విండోస్ 7 ఇప్పటి షా-2 అనే రకం డిజిటల్ సంతకాలను సరిగా గుర్తించలేదు, మంచి ఫైలుకు కూడా అనుమానం చూపిస్తుంది. తర్వాత పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి.

ఇదివరకే ఫైర్‌ఫాక్స్ ఉంటే అబౌట్‌లో నంబరు చూడండి. ఎవరో ఎప్పుడో అప్‌డేట్లు ఆపేసి ఉంటే అది 115.13 కంటే వెనక ఉండొచ్చు. అలాంటివాటిలో ఒక రూట్ సర్టిఫికెట్ 2025 మార్చి 14న గడువు తీరి, యాడ్-ఆన్లు పనిచేయడం మానేశాయి. అది పాడైందనుకుని తీసేయకండి, అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. ఎక్కించాక యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్-ఆన్ కూడా పెట్టండి. దొంగ అప్‌డేట్ పేజీలకు దారితీసే ప్రకటనలు చాలావరకు కనబడకుండా పోతాయి.

క్రోమ్‌లో ఉన్న బుక్‌మార్కులు ఫైర్‌ఫాక్స్ తనే తెచ్చుకోగలదు. పాస్‌వర్డ్‌లు మాత్రం అలాగే ఎత్తి తెచ్చుకోకండి. ఒకసారి ఆ జాబితా తెరిచి చూడండి. కిందటేడు వచ్చిన ఏ అమ్మాయిదో స్కాలర్‌షిప్ లాగిన్, ఎవరిదో పాన్ నంబరుతో ఉన్న ట్యాక్స్ లాగిన్ అక్కడ కనబడతాయి. మనల్ని నమ్మి చెప్పిన పాస్‌వర్డ్‌లవి. అన్నీ తుడిచేయండి. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని అడగడమే ఆపేయండి. కస్టమర్ పనులు ప్రైవేట్ విండోలో చేస్తే ఒకరి లాగిన్‌లోకి ఇంకొకరి అప్లికేషన్ వెళ్లే గొడవ కూడా తప్పుతుంది. స్కాన్ చేసిన ఆధార్, టెన్త్ మెమో ఫైళ్లు సాయంత్రం షట్టర్ దించే ముందు తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

రెండు రోజులు ఫైర్‌ఫాక్స్‌తో అన్ని సైట్లూ తెరిచి, ప్రింటు కూడా తీసి చూసుకున్నాకే క్రోమ్ 109 గుర్తును డెస్క్‌టాప్ నుంచీ కింది టాస్క్‌బార్ నుంచీ తీయండి. అక్కడే ఉంటే చేయి అలవాటుగా దాని మీదికే పోతుంది. సూపర్మియం లాంటి బ్రౌజర్లు కూడా పాత విండోస్ మీద నడుస్తాయి. ఇష్టంతో నడుపుతున్న చిన్న ప్రయత్నాలవి, మంచివే, కానీ ఇతరుల ఆధార్, పాన్ మన చేతిలో ఉన్నప్పుడు నేనైతే వాటి మీద ఆ పని పెట్టను.

గడియారం

సీజన్ మొదటి రోజు నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే: అన్నా, నిన్న పనిచేసింది, ఇవాళ ఒక్క సైటూ తెరుచుకోవట్లేదు, కనెక్షన్ సేఫ్ కాదంటోంది. బ్రౌజర్ పోయిందనుకుంటారు, కొందరు తీసేసి మళ్లీ ఎక్కిస్తారు కూడా. నేను ముందు అడిగేది, కింద కుడి మూల తేదీ ఎంతుందని. అక్కడ 2009 జనవరి 1 అని ఉంటుంది. రాత్రి కరెంటు పోయింది, మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయింది, తేదీ వెనక్కి పోయింది. సైట్ల సర్టిఫికెట్లకు మొదలు తేదీ, ఆఖరు తేదీ ఉంటాయి. సిస్టమ్ 2009లో ఉంటే ప్రతి సర్టిఫికెటూ ఇంకా మొదలుకానట్టే.

తేదీ సరిచేసి వదిలేస్తే మళ్లీ కరెంటు పోయినప్పుడు అదే కథ. ప్లగ్ పీకి, సీపీయూ పక్క తలుపు తీసి చూస్తే రూపాయి బిళ్లంత బ్యాటరీ కనబడుతుంది, మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది. పక్కనున్న చిన్న క్లిప్‌ను గోటితో వెనక్కి నొక్కితే అదే పైకి లేస్తుంది. రాతలున్న వైపు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. వాచీల షాపులో కూడా దొరుకుతుంది. రద్దీకి ముందే ఒకటి మార్చి, ఒకటి సొరుగులో ఉంచుకోండి.

అయినా చేయకూడనివి

ఫైర్‌ఫాక్స్ సరిగ్గా ఉన్నంత మాత్రాన కింద ఉన్న విండోస్ 7 బాగుపడదు. దాని లోపాలు దానికి అలాగే ఉన్నాయి. కాబట్టి బ్యాంకు లాగిన్, ఏటీఎం కార్డు నంబరు, డిజిటల్ సంతకం టోకెన్ ఆ సిస్టమ్‌లో పెట్టవద్దు. ఫీజు కట్టే పేజీ వరకు వచ్చాక యూపీఐ క్యూఆర్ ఉంటే కస్టమర్ ఫోన్‌తోనే కట్టించండి.

విండోస్ 10 వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతున్నారు. దానికీ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14న అయిపోయింది, అదనపు అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఈ పాత సిస్టమ్‌లలో చాలావాటికి అది లేదు. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టుకుని, ఆన్‌లైన్ పని అప్పుడు దానితో బూట్ చేసుకోవచ్చు. హార్డ్ డిస్క్‌లో ఉన్న అను, పేజ్‌మేకర్ ఎక్కడివక్కడే ఉంటాయి. ఇది ఖాళీగా ఉన్న ఆదివారం ప్రయత్నించండి, వెబ్ ఆప్షన్ల ఆఖరి రోజు కాదు.

ఆఖరుగా ఒక కాగితం ముక్క. ఫైర్‌ఫాక్స్ అబౌట్‌లో కనబడే పూర్తి నంబరు, చూసిన తేదీ దాని మీద రాసి మానిటర్ అంచుకు అతికించండి. నెలనెలా ఒకటో తారీఖున మళ్లీ తెరిచి చూసి, కొత్త నంబరు కింద రాయండి. ఈఎస్ఆర్‌కు ఇంచుమించు నాలుగు వారాలకొక మరమ్మతు వస్తుంది. వరసగా రెండు నెలలు అదే నంబరు రాయాల్సి వస్తే మొజిల్లా పేజీలో గడువు చూడండి. అది అయిపోయి ఉంటే ఆ సిస్టమ్‌కు నెట్ వైరు తీసేసి, పెళ్లి పత్రికల పనికి మాత్రమే ఉంచండి.