ప్రాణహిత ఒడ్డున నిలబడేవాళ్ళు ఎలాంటి గాలం రాడ్ కొనాలి

మహారాష్ట్రలోని మా సిరొంచలో ఇల్లు తెలుగు, బడి మరాఠీ. మనం గాలం అంటే పక్క బెంచీ పిల్లవాడు గళ్ అంటాడు. దసరా సెలవుల్లో మా మేనల్లుడు ఫోన్‌లో ఒక రాడ్ ఫొటో పట్టుకొచ్చాడు. "మామా, ఇది పది అడుగులుందట, తీసుకుందునా?"

"ఎక్కడ నిలబడి పడతవురా?" అన్నాను. ఏమీ చెప్పలేకపోయాడు. రాడ్ ఎంపిక ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

మాకు రెండు రకాల నీళ్ళున్నాయి. ఒకటి ప్రాణహిత. వానలు తగ్గాక ఇసుక మేటలు పడి నీళ్ళు ఒడ్డుకు దూరంగా జరుగుతాయి. గాలం దూరంగా విసరాలి కాబట్టి 8 నుంచి 10 అడుగుల రాడ్ కావాలి. 2019లో మేడిగడ్డ దగ్గర బ్యారేజీ పూర్తయ్యాక ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం సంగమం వైపు నీళ్ళు నిలిచి ఉండేవి, 7 అడుగుల రాడ్‌తో పని జరిగిపోయేది. 2023 అక్టోబర్‌లో అక్కడ పిల్లర్లు కుంగాక నీళ్ళు నిలపడం ఆపారు, మళ్ళీ ఇసుక తేలింది. నేనూ మళ్ళీ 9 అడుగులకు మారాను. రెండోది చెరువు. గడ్డి, తామరాకుల మధ్య కొర్రమీను దాక్కుంటుంది. గాలం మింగగానే గడ్డిలోకి దూరుతుంది, ఆ క్షణమే లాగెయ్యాలి. దానికి ఆరున్నర, ఏడు అడుగుల బిర్రు రాడ్ మంచిది. పొడుగుది చెట్టు కొమ్మలకు తగులుతూ ఉంటుంది.

కొత్తగా నేర్చుకునే పిల్లలకు మాత్రం వెదురు కట్టెనే ఇవ్వండి. మా గడ్చిరోలి జిల్లా వెదురుకు పుట్టిల్లు. మా బాపు (నాన్న) వెదురు ఎంచేటప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకునేవాడు. బొంగు వెదురు లోపల డొల్ల, చేప బరువుకు చీలుతుంది. సాధనపు వెదురు దాదాపు గట్టి కట్టె, సన్నగా ఉన్నా వంగి తిరిగి లేస్తుంది. ఆ ఏడాది మొలిచిన లేతది వద్దు, ఎండితే ముడతలు పడుతుంది. మూడేళ్ళు దాటినది, కణుపులు దగ్గరగా ఉన్నది చూడాలి. చలికాలంలో కొట్టిన వెదురుకు పురుగు తక్కువ, అప్పుడు దానిలో పిండిపదార్థం తక్కువ ఉంటుంది కాబట్టి. బాపు దాన్ని నిప్పుల సెగ మీద కొద్దికొద్దిగా తిప్పేవాడు. పైన నూనెలా చెమ్మ ఊరగానే గుడ్డతో తుడిచి, వంకర ఉన్నచోట మోకాలికి ఆనించి నెమ్మదిగా సరిచేసేవాడు. తర్వాత కొసకు రాయి కట్టి, పొయ్యి పొగ తగిలేలా దూలానికి రెండు నెలలు వేలాడదీసేవాడు. ఆ కట్టెతో, జొన్న బెండుతో పట్టిన పరకలే నాకు చేప ముట్టడం అంటే ఏమిటో నేర్పాయి.

ఇక కొనే రాడ్ సంగతి. ఫైబర్ గ్లాస్ బరువు ఎక్కువ, కానీ రాయికి తగిలినా, పిల్లలు పడేసినా ఓర్చుకుంటుంది. కార్బన్ తేలిక, చేప ఎరను మూతితో తాకినా చేతికి తెలుస్తుంది, కానీ పక్క నుంచి దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. మొదటి రాడ్‌గా ఫైబర్ గ్లాస్ తీసుకోమనే నేను చెప్తాను. ఒక్క మాట మరిచిపోవద్దు: కార్బన్ గుండా కరెంటు పారుతుంది. కరెంటు తీగల కింద ఎత్తకండి, ఉరిమితే కింద పెట్టి దూరంగా రండి.

పిడి పైన చిన్న అక్షరాలు చదవండి. ఎం అంటే మధ్యరకం, ఎంహెచ్ అంటే ఇంకాస్త బిర్రు. ప్రాణహితలో రవ్వ, మృగాల, చిన్న బొచ్చెలకు ఎం చాలు. వాలుగకు, కొర్రమీనుకు ఎంహెచ్ కావాలి. పక్కనే 10-20 ఎల్‌బి (పౌండ్లు) అని ఉంటే అది చేప బరువు కాదు, వాడాల్సిన దారం బలం. అంటే సుమారు నాలుగున్నర నుంచి తొమ్మిది కిలోల బరువు ఆపే దారం. గ్రాముల్లో రాసిన అంకె ఎర, సీసం గుండు కలిపి ఎంత బరువు విసరొచ్చో చెబుతుంది.

అక్షరాలు చూశాక కొస చూడండి. ఇది తప్పకుండా చెయ్యాల్సిన పని. షాపులో రీల్ (దారం చుట్టే చక్రం) పెట్టించి, దారం అన్ని రింగుల్లోంచి లాగి, చివర అరలీటరు నీళ్ళ సీసా కట్టండి. రాడ్ నిటారుగా కాకుండా ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా ఎత్తండి. పై భాగం మాత్రమే వంగితే అది చురుకైన రాడ్, కొర్రమీనుకు సరిపోతుంది. సగం దాకా వంగితే రవ్వ, బొచ్చెలకు బాగుంటుంది, వాటి మెత్తటి మూతి చిరగదు. ఏదో ఒక అతుకు దగ్గర కోణంలా విరిచినట్టు వంగితే ఆ రాడ్ తిరిగిచ్చేయండి. సీసా కట్టనివ్వని షాపులో నేను కొనను.

తర్వాత రింగులు. జేబులో కాస్త దూది పెట్టుకుని వెళ్ళి ప్రతి రింగు లోపల తిప్పండి. ఎక్కడ పోగు చిక్కుకుంటుందో అక్కడ పగులుంది, అదే రేపు దారాన్ని కోస్తుంది. పిడి వైపు నుంచి ఒంటి కన్నుతో చూస్తే రింగులన్నీ ఒకే గీతలో కనబడాలి. రీల్ పెట్టాక రీల్‌కు కాస్త ముందు ఒక వేలిమీద ఆనిస్తే రాడ్ నిలబడాలి. కొస కిందికి దిగిపోతే సాయంత్రానికి మణికట్టు గుంజుతుంది.

మడత రాడ్, అదే ఒకదానిలోకి ఒకటి దూరేది, మన ఇసుకకు పనికిరాదు. ఒక పెద్ద పట్నంలో 1300 రూపాయలు పెట్టి కొన్నాను. షాపతను "నదికి ఇదే బెస్ట్" అన్నాడు. మూడో వారానికే ఇసుక దూరి రెండు అతుకులు బిగుసుకున్నాయి. నీళ్ళలో కడిగినా ఊడలేదు. ఆ స్థితిలోనే వాలుగ పడింది, అతుకు పైన ఫట్‌మని విరిగి కొస, దారం, చేప అన్నీ వెళ్ళిపోయాయి. గాలంతో తిరుగుతున్న ఆ చేప గురించే నాకు ఎక్కువ బాధ. రెండు ముక్కల రాడ్ తీసుకోండి. అతుకుకు కొవ్వొత్తి మైనం కాస్త రుద్దితే గట్టిగా కూర్చుంటుంది, సులువుగా ఊడుతుంది.

తొలకరి వరదకు కడుపు నిండా గుడ్లతో ఎదురెక్కే చేపల మీద మాత్రం ఏ రాడ్ ఎత్తకండి. ఆ రెండు నెలలు నేను రీల్ విప్పి నూనె వేసుకుంటూ కూర్చుంటాను.

మేనల్లుడికి చివరికి చంద్రాపూర్‌లో రెండు ముక్కల 8 అడుగుల ఫైబర్ గ్లాస్ రాడ్ కొన్నాం. వచ్చే ముందు హార్డ్‌వేర్ షాపులో రెండంగుళాల ప్లాస్టిక్ పైపు కోయించి, దాంట్లో రాడ్ పెట్టి రెండు వైపులా గుడ్డ కుక్కాం. బస్సులో ఎవరి సంచీ మీద పడుతుందో, తలుపు ఎప్పుడు మూస్తారో తెలియదు కదా. సిరొంచ దాకా వాడు దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు.