సెయిల్‌బోట్ డెక్ (పడవ పైతలం) మీద ఫిట్టింగ్ బిగించే ముందు చూసుకోవాల్సినవి

డ్రిల్ చేతిలోకి తీసుకునే ముందు కిందికి దిగి క్యాబిన్ పైకప్పు, అంటే డెక్ అడుగు భాగం, ఒకసారి చూడండి. రంధ్రం పడే చోట వైర్లు ఉంటే చోటు మార్చాల్సిందే. నట్టు తిప్పడానికి చెయ్యి పడుతుందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం డెక్ లోపలి పొర. చాలా సెయిల్‌బోట్లలో రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది. నీళ్లు చేరితే అది లోలోపలే కుళ్లిపోతుంది, పైకి ఏమీ తెలియదు. అందుకే బోల్టు కన్నా పెద్ద రంధ్రం చేసి, అడుగున టేపు అంటించి, చిక్కటి ఎపాక్సీతో (గట్టిపడే రెసిన్ జిగురుతో) నింపి, గట్టిపడ్డాక సరైన సైజులో మళ్లీ డ్రిల్ చేయాలి. మొదటి రంధ్రంలోంచి వచ్చే పొట్టు తడిగా, నల్లగా ఉంటే పని అక్కడే ఆపేయండి. ముందు ఆ చెక్క సంగతి చూడాలి. ఎన్ని రోజులు పట్టినా సరే, ఇక్కడ మాత్రం తొందరపడొద్దు.

- బ్యాకింగ్ ప్లేటు (డెక్ అడుగున నట్టుకీ డెక్‌కీ మధ్య పెట్టే పలక), 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు దగ్గర పెట్టుకోండి.
- పాత సీలెంట్ (నీళ్లు దిగకుండా పూసే పదార్థం) పూర్తిగా గీకేసి అసిటోన్‌తో తుడవండి. చేతికి గ్లవ్స్, గాలి ఆడే చోటు తప్పనిసరి.
- సిలికాన్ సీలెంట్ వద్దు. దాని జిడ్డు ఓ పట్టాన వదలదు, తర్వాత ఇంకేదీ సరిగా అంటదు.
- ప్లాస్టిక్ ఫిట్టింగులకు పాలీసల్ఫైడ్ సీలెంట్ పనికిరాదు, పెళుసుబారిపోతాయి. వాటికి నేనైతే బ్యూటైల్ టేపే (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) వాడతాను.
- రంధ్రం పై అంచును కాస్త ఏటవాలుగా చెక్కండి. సీలెంట్ అక్కడ బోల్టు మెడ చుట్టూ ఉంగరంలా కూర్చుంటుంది.

సాయానికి ఇంకో మనిషి ఉండాలి. పైనున్నవాళ్లు బోల్టు తల కదలకుండా పట్టుకుంటే, కిందున్నవాళ్లు నట్టు మాత్రమే తిప్పాలి. బోల్టు తిరిగిందంటే సీలు తెగినట్టే.