కీళ్ల నొప్పుల గురించి నలుగురికీ చెప్పాలనుకుంటే ఇలా మొదలుపెట్టండి

మా పెద్దమ్మకి పొద్దున లేవగానే చేతివేళ్లు బిగుసుకుపోయేవి, టూత్‌పేస్ట్ మూత కూడా తిప్పలేకపోయేది, వయసైపోతోంది కదా అని ఇంట్లో అందరం అనుకున్నాం, ఆవిడ కూడా అదే అనుకుంది. రెండేళ్ల తర్వాత ఇలాంటి కీళ్ల జబ్బులు చూసే డాక్టర్, అంటే రుమటాలజిస్ట్‌కి చూపిస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది, అప్పటికే రెండు వేళ్లు వంకర పోయాయి, అవి మళ్లీ తిన్నగా అవ్వలేదు. మాలో ఒక్కరికైనా ఒక్క ప్రశ్న అడగాలని తెలిసుంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పట్నుంచి ఆఫీసుల్లో, కాలేజీల్లో, అపార్ట్‌మెంట్ మీటింగుల్లో ఎవరు ఛాన్స్ ఇచ్చినా కీళ్ల గురించి మాట్లాడుతున్నా. మీరూ చేయాలనుకుంటే నాకు పనికొచ్చినవి చెప్తాను.

ముందు ఆ ప్రశ్న నేర్పండి. "పొద్దున లేచాక కీళ్లు వదులవ్వడానికి ఎంతసేపు పడుతోంది?" అంతే. అరుగుదల వల్ల వచ్చే ఆస్టియో ఆర్థరైటిస్‌లో మామూలుగా 30 నిమిషాల్లోపే పట్టు వదిలేస్తుంది, వాడేకొద్దీ సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది. అదే రుమటాయిడ్ లాంటి వాపు రకాల్లో గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపే బిగుసుకుపోయి ఉంటాయి, కదిలేకొద్దీ కాస్త నయమనిపిస్తుంది. దీనితోపాటు రెండు చేతుల్లోనూ అవే కీళ్లు వాచి ఉండటం, ఊరికే నీరసం రావడం కనిపిస్తే, వారాలు గడుస్తున్నా తగ్గకపోతే, ఇక ఇంట్లో కూర్చుని ఆలోచించొద్దు, రుమటాలజిస్ట్ దగ్గరికి వెళ్లమని చెప్పండి. రుమటాయిడ్‌లో మన ఒంటి రక్షణ వ్యవస్థే మన కీళ్ల మీద దాడి చేస్తుంది, మొదటి కొన్ని నెలల్లోనే మందులు మొదలుపెడితే కీలు పాడవకుండా చాలావరకు ఆపొచ్చు, పాడైపోయాక వెనక్కి తేలేం. మీటింగ్‌లో జనం ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుని ఇంటికెళ్తే చాలండి, మీ పని సగం అయిపోయినట్టే.

ఆర్థరైటిస్‌లో 100కి పైగా రకాలు ఉన్నాయి, అవన్నీ చెప్పబోకండి, ఎవరికీ ఎక్కదు. అరుగుదల, రుమటాయిడ్, గౌట్, ఈ మూడూ చాలు. గౌట్ అంటే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో చేరడం, చాలామందికి మొదట కాలి బొటనవేలికే వస్తుంది, అర్ధరాత్రి నిద్రలో దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి, ఎర్రగా వాపు. ఇలా చెప్తే సభలో ఎవరో ఒకరు "అరే నాకూ ఇలాగే వచ్చింది" అంటారు, అప్పుడు మాట దానంతటదే నడుస్తుంది. అంకెలు కావాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఒకటి చెప్పండి, 2019లో ప్రపంచంలో దాదాపు 52.8 కోట్ల మందికి ఆస్టియో ఆర్థరైటిస్ ఉంది. అంతకుమించి అంకెలు వద్దు.

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది మాత్రం "గుజ్జు అరిగిపోయింది, ఇక నడవకూడదు" అనే మాట మీద. ఇది పోవాలి. గుజ్జు అంటే కీలులో ఎముకల చివర ఉండే మెత్తటి పొర, దానికి రక్తనాళాలు ఉండవు, కీలు కదిలినప్పుడు నొక్కుకుంటూ వదులవుతూ చుట్టూ ఉన్న జిగురు ద్రవం నుంచి ఆహారం తీసుకుంటుంది, స్పాంజిలాగా అన్నమాట. కదలకుండా కూర్చుంటే దానికి అందేది తగ్గుతుంది, పైగా తొడ కండరాలు నీరసించి మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. దీన్ని మాటల్లో చెప్పి వదిలేయకండి, అక్కడే చేయించండి. అందర్నీ కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి ఒక కాలు తిన్నగా చాపి తొడ బిగించి 5 సెకన్లు ఆపి నెమ్మదిగా దించమనండి, ఒక్కో కాలికి 10 సార్లు. మధ్యలో నవ్వులు, మూలుగులు వస్తాయి, రానివ్వండి, ఇంటికెళ్లాక గుర్తుండేది అదే. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా పర్లేదు, మర్నాటికి కూడా మామూలుకంటే ఎక్కువ నొప్పి ఉంటే తగ్గించి చేయాలి అని చెప్పండి, కీలు వాచి వేడిగా ఉన్నవాళ్లని, ఆపరేషన్ అయినవాళ్లని ముందు డాక్టర్‌నో ఫిజియోథెరపిస్ట్‌నో అడగమనండి.

బరువు గురించి చెప్పేటప్పుడు జాగ్రత్త, సిగ్గుపడేలా చేస్తే మళ్లీ మీటింగ్‌కి రారు. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని, బరువు ఎక్కువున్న మోకాళ్ల నొప్పుల వాళ్ల మీద చేసిన పరిశోధనలో తేలింది. ఒక్క కిలోకే ఇంత లాభమా అనిపించాలి వాళ్లకి, అంతే. పొగతాగడం రుమటాయిడ్ వచ్చే ముప్పు పెంచుతుంది, అది కూడా ఒక మాట చెప్పేయండి.

మందుల దగ్గర మాత్రం మీరు డాక్టర్ కాకపోతే ఏ మందు పేరూ సలహా ఇవ్వకండి, నూనెలూ పొడులూ కూడా. పేరు తెలియని పొడుల్లో స్టెరాయిడ్లు కలిసి ఉండొచ్చు, నాలుగు రోజులకే నొప్పి మాయమైతే సంతోషపడటం కాదు, అనుమానించాలి. నొప్పి బిళ్లలు నెలల తరబడి సొంతంగా వేసుకుంటే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. రుమటాయిడ్‌కి డాక్టర్లు రాసే మెథోట్రెక్సేట్ అనే మందు వాడేవాళ్లు సభలో ఉంటే వారానికి ఎన్నిసార్లు వేసుకుంటున్నారో అడగండి, కీళ్లకి అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది.

పిల్లల సంగతి మర్చిపోవద్దు. ఆర్థరైటిస్ 16 ఏళ్లలోపు వాళ్లకీ వస్తుందంటే చాలామంది నమ్మరు. చిన్నపిల్లలు నొప్పి అని చెప్పరు కూడా, పొద్దున కుంటుతూ నడుస్తారు, ఎత్తుకోమంటారు, మధ్యాహ్నానికి మామూలుగా ఆడేస్తారు, దాంతో స్కూల్ ఎగ్గొట్టడానికి నాటకం అనుకుంటాం. వాపో కుంటడమో వారాలు గడిచినా తగ్గకపోతే చూపించాల్సిందే. ఇంకోటి, పెద్దలకైనా పిల్లలకైనా ఒక కీలు ఉన్నట్టుండి ఎర్రగా వేడిగా వాచి జ్వరం కూడా వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, లోపల ఇన్ఫెక్షన్ అయుండొచ్చు, రోజుల్లోనే కీలు పాడైపోతుంది.

ఎప్పుడు పెట్టాలో తెలియకపోతే అక్టోబర్ 12 ప్రపంచ ఆర్థరైటిస్ దినం, 1996 నుంచి జరుపుతున్నారు, దాన్ని సాకుగా పెట్టుకోండి. జబ్బుతో ఉన్న ఒకరు తమ కథ ఐదు నిమిషాలు చెప్పడానికి ఒప్పుకుంటే మీ స్లైడ్లన్నీ పక్కన పెట్టేయొచ్చు, కాకపోతే వాళ్ల అనుమతి లేకుండా వీడియో తీసి గ్రూపుల్లో పెట్టకండి.

మీటింగ్ అయ్యాక వెంటనే వెళ్లిపోవద్దు, ఓ అరగంట అక్కడే కూర్చోండి. అందరి ముందూ అడగలేనివాళ్లు అప్పుడొచ్చి చేతులు చాపి చూపిస్తారు. జబ్బు పేరు మీరు చెప్పకండి, ఏ కీళ్లు, ఎప్పట్నుంచి, పొద్దున ఎంతసేపు అనేది కాగితం మీద రాయించండి. వాపు వచ్చిన రోజే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోమనండి, ఎందుకంటే డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజుకి ఒక్కోసారి ఆ వాపు ఉండదు.