లైనక్స్‌లో తెలుగు అక్షరాలు తేటగా కనిపించాలంటే ఏం చేయాలి?

విజయనగరంలో మా మావయ్యకి ఒక పాత లాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇచ్చాను. పేపరు తెరిచి రెండు నిమిషాలు చూసి, "ఇదేట్రా, అక్షరాలకి చీమలు పట్టినట్టున్నాయి" అన్నారు. రిటైరైన తెలుగు మాస్టారు మరి! 'లక్ష్మి'లో వత్తులన్నీ కలిసి ఆయనకి ఒక మసిమరకలా కనిపించాయి. అరగంటలో సర్దేశాను. మీరూ చేసుకోవచ్చు.

ముందు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ చూడండి. మా మావయ్య లాప్‌టాప్ తెర 1366×768. అసలు కొలత కాకుండా వేరేది పెట్టి ఉంటే ఏ ఫాంటు వేసినా మసకే.

తర్వాత ఫాంటు. గూగుల్ ఫాంట్స్ సైటు నుంచి నోటో సాన్స్ తెలుగు దించుకుని, జిప్ విప్పండి. హోమ్ ఫోల్డర్లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాగి ఉన్న ఫోల్డర్లు కనిపిస్తాయి. చుక్కతో మొదలయ్యే 'లోకల్', దానిలో 'షేర్', దానిలో 'ఫాంట్స్'. ఆ చివరిది లేకపోతే మీరే సృష్టించి, ఫాంటు ఫైళ్లు అందులో పడేయండి. మన గురజాడ, గిడుగు పేర్లతో ఉన్న ఫాంట్లు కూడా ఆ సైట్లోనే దొరుకుతాయి. వాటిని మాత్రం శీర్షికలకి ఉంచుకోండి, చిన్న సైజులో రోజూ చదవడానికి నోటోయే నయం.

అసలు కిటుకు ఇక్కడుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఫాంట్ సెలక్షన్ తెరిస్తే 'హింటింగ్' అని ఉంటుంది. అక్షరం గీతల్ని తెర మీది చుక్కల గళ్లలోకి సర్దడమే హింటింగ్. ఇంగ్లీషు కోసం రాసిన సలహాలు చూసి చాలామంది 'ఫుల్' పెట్టేస్తారు. నిలువు గీతలు ఎక్కువున్న ఆ లిపికి అది నప్పుతుందేమో గానీ, మన గుండ్రాలు వంకరపోతాయి, వత్తులు ముద్దవుతాయి. 'స్లైట్' పెట్టండి. అది అక్షరాన్ని నిలువుగా మాత్రమే సర్దుతుంది, వెడల్పు జోలికి పోదు. యాంటీఏలియాసింగ్ (అంటే అక్షరాల అంచుల్ని నున్నగా చేయడం) 'ఆర్‌జీబీఏ', రంగుల వరుస 'ఆర్‌జీబీ' చేయండి. ఎల్‌సీడీలో ఒక్కో చుక్కా ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలుగా ఉంటుంది కాబట్టి అంచులు నున్నగా వస్తాయి. అక్షరం పక్కన రంగుల నీడ కనిపిస్తే వరుస తప్పినట్టే, 'గ్రేస్కేల్'కి మారండి. అక్కడే టెక్స్ట్ స్కేలింగ్ 1.1 చేస్తే వత్తులకి కాస్త ఊపిరాడుతుంది.

లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి' టైపు చేసి చూడండి. ఈ మూడూ విడివిడిగా చదవగలిగితే మిగతావాటికి ఢోకా లేదు.

ఫైర్‌ఫాక్స్‌ది వేరే లెక్క. దాని సెట్టింగ్స్‌లో ఫాంట్స్ దగ్గర 'అడ్వాన్స్‌డ్' నొక్కి, పైన భాషగా తెలుగు ఎంచుకుని, సెరిఫ్, సాన్స్ రెండు చోట్లా నోటో పెట్టండి. కనీస సైజు కూడా అక్కడే ఉంటుంది. మావయ్యకి 16 పెట్టాను.

ఒక మాట. అచ్చుపనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. దానికి ఈ సెట్టింగులు పనిచేయవు. ఆ ఫైల్లో ఉన్నది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి) తెలుగు కాదు, కన్వర్టర్‌తో మార్చుకోవాల్సిందే. మావయ్య పెన్‌డ్రైవ్‌లో అలాంటివి నలభై దాకా ఉన్నాయి, ఇంకా ఆరే అయ్యాయి.