పాత ట్రాక్టర్ ఎండల్లోకి దిగేముందు

"పాత బండి కదా, ఆ మాత్రం హీటెక్కదా?" అంటారు చాలామంది. నాకు ఈ మాట నచ్చదు. కొత్తలో అదే ఇంజన్ ఇలాంటి ఎండల్లోనే రోజంతా దుక్కి దున్నింది. అప్పుడు మరగని నీళ్లు ఇప్పుడు మరుగుతున్నాయంటే గాలి దారో, నీటి దారో ఎక్కడో మూసుకుపోయింది. అదెక్కడో పని మొదలుకాకముందే, బండి చల్లగా ఉండగానే వెతకాలి.

ముందు మీ ఇంజన్‌లో నీళ్లు ఎలా తిరుగుతాయో తెలుసుకోండి. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ మోడల్ ఎఫ్‌కు, ఆ తర్వాతి ఫార్మాల్ ఎ, ఫార్మాల్ కబ్‌లకు అసలు వాటర్ పంపే లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది, రేడియేటర్‌లో చల్లబడ్డ నీరు బరువెక్కి కిందికి దిగుతుంది. ఇదే థర్మోసైఫన్. చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు గానీ ఒక మెలిక ఉంది. పై హోస్ పైపు రేడియేటర్‌లో కలిసే చోటు కంటే నీటిమట్టం కిందికి దిగిందా, నీళ్లు తిరగడం ఆగిపోతుంది. మిగతా రేడియేటరంతా నిండుగా ఉన్నా లాభం లేదు. అందుకే ఈ బళ్లకు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం చల్లారాక ఇంకోసారి మట్టం చూడాలి.

పంపు ఉన్న బళ్లలో కొన్నిటికి ప్రెషర్ మూత ఉంటుంది. 7 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి) మూత బిగిస్తే నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అలాగని ఒత్తిడి లేని పాత రేడియేటర్‌కు ఆ మూత తెచ్చి పెట్టకండి. టంకం పెట్టిన అతుకులు ఊడివస్తాయి.

ఇక గాలి దారి. ఒక బండి హీటెక్కుతోందని రెండు రోజులు పంపు విప్పి, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారి తెరిచే కవాటం) మార్చి తలపట్టుకున్నాను. చివరికి చూస్తే ఫ్యాన్ వెనక, రేడియేటర్‌కు ఆనుకుని ఎలుక గూడు! టార్చి వేసి ఒకవైపు నుంచి చూస్తే రెండోవైపు వెలుగు కనపడాలి. కడిగేటప్పుడు ఇంజన్ వైపు నుంచి ముందుకు కడగండి, అదీ మెల్లటి ధారతో. ముందు నుంచి గట్టిగా కొడితే పొట్టు ఇంకా లోపలికి దిగబడుతుంది, రేకులు వంగుతాయి. నూర్పిడి అన్నిటికంటే ప్రమాదం: బండి కదలదు, లోడు తగ్గదు, పొట్టంతా ఫ్యాన్ లాగేస్తుంది. గాలివాటం చూసి, పొట్టు రేడియేటర్ వైపు రాకుండా బండిని నిలపండి. గంటకోసారి జాలీ దులపండి. ఐషర్, డ్యూట్జ్ లాంటి గాలితో చల్లబడే ఇంజన్లకు సిలిండర్ రెక్కల మధ్య నూనెతో కలిసి గట్టిపడ్డ మట్టే శత్రువు.

నీటి దారిలో పేరుకునేది గార (నీటిలోని ఉప్పులు గట్టిపడ్డ పొర), తుప్పు. రేడియేటర్ ట్యాప్ ఒక్కటే తిప్పి నీళ్లు మార్చామనుకుంటే చాలదు, ఇంజన్ బ్లాకుకు కూడా ఒక ట్యాప్ ఉంటుంది. దాన్ని తిప్పితే చుక్క కూడా రాకపోవడం మామూలే. లోపల బురద అడ్డుపడి ఉంటుంది. ట్యాప్ ఊడదీసి ఇనుప తీగతో పొడిచి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదలండి. గార కరిగించే మందు వాడితే తుప్పే మూసిపెట్టిన బెజ్జాలు బయటపడి కారవచ్చు. కారితే ఇంటి దగ్గరే కారనివ్వండి, పొలంలో కాదు. కారుడు ఆపే పొడులు మాత్రం నేను వాడను. అవి సన్నటి గొట్టాల్నీ మూసేస్తాయి.

పంపు ఉన్న బండిలో కింది హోస్ పైపు మీద ఒక కన్నేయండి. లోపలి స్ప్రింగు తుప్పుపట్టి విరిగితే, రేజ్ చేసినప్పుడు పైపు చదునుగా నొక్కుకుపోయి నీరు అందదు. బండి ఆగి ఉన్నప్పుడు చూస్తే బాగానే కనిపిస్తుంది, అదే మోసం. పంపు ఇరుసు ఊగుతోందా, ఫ్యాన్ బెల్టు పగుళ్లిచ్చిందా అన్నదీ అప్పుడే చూసుకోండి.

ఇవన్నీ బాగుండీ వేడెక్కితే పెట్రోల్ ఇంజన్‌లో టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) వెనకబడిందేమో, పెట్రోల్ తక్కువ అందుతోందేమో చూడాలి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేయగానే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే పొర) మీద అనుమానపడండి.

నీళ్లలో సగం కూలెంట్ కలిపితే తుప్పు తగ్గుతుంది. అయితే కూలెంట్‌లో మామూలుగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. బండి కిందకి దింపిన నీళ్లు కుక్కలు, పశువులు తాగే చోట వదలకండి.

ఇంత చూసుకున్నా పనిలో వేడి చూపే గేజి ముల్లు ఎర్రగీత దాటితే లోడు తీసేసి, న్యూట్రల్‌లో నెమ్మదిగా నడవనివ్వండి. బెల్టు తెగినా, నీళ్లు కారిపోయినా మాత్రం వెంటనే ఆపేయాలి. నీళ్లు పోయాక గేజి బల్బుకు తగిలేది గాలే కాబట్టి ముల్లు కిందికి దిగి "బాగానే ఉంది" అని కూడా చూపించవచ్చు, నమ్మకండి. మూత మీద చెయ్యి వేసే ముందు ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. ఆత్రపడి కాలుతున్న బ్లాకులో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగులుతుంది. చల్లారాక, ఇంజన్ నడుస్తుండగా, సన్నటి ధారగా పోయాలి.