వార్డులో మంచం చుట్టూ తెర: కొనేముందు చూసుకోవలసినవి

దక్షిణ ఒడిశాలో గుణుపూర్, పర్లాకిమిడి, రాయగడ వైపు ఎవరైనా నర్సింగ్ హోమ్ కడుతున్నా, పాత వార్డు బాగుచేయిస్తున్నా నన్ను ఒకసారి వచ్చి చూడమంటారు. వార్డు సిస్టర్‌గా రిటైరైనదాన్ని కాబట్టి వెళ్తాను. టైల్స్, ఏసీ, రిసెప్షన్ కౌంటర్ అన్నీ ప్లాన్‌లో ఉంటాయి. తెరల సంగతి అడిగితే మాత్రం "అవి చివర్లో చూసుకుందాం సిస్టర్‌గారూ" అంటారు. చివరికి వచ్చేసరికి ఫ్యాన్లు, లైట్లు బిగించేసి ఉంటారు, తెర జరిగే ట్రాక్ పైన వేయడానికి చోటుండదు. గోడకీ గోడకీ తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తారు. కాబట్టి నా మొదటి మాట ఇదే: ఎలక్ట్రికల్ డ్రాయింగ్ గీస్తున్న రోజే తెరల డ్రాయింగ్ కూడా గీయించండి.

గీసేముందు డాక్టరుగారో, ఇంజినీరో, ఎవరో ఒకరు మంచం మీద పడుకోవాలి. నిలబడి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. వెల్లకిలా పడుకుని, పరీక్షకు కాళ్లు ముడుచుకుంటే మీరు ఎవరెవరికి కనిపిస్తారో చూడండి. తలుపులోంచి టీ పట్టుకొచ్చే కుర్రాడికి కనిపిస్తారా? ఎదురు మంచం వాళ్లకా? మెట్లెక్కుతున్నవాళ్లకా? ప్రసవం టేబుల్ కాళ్లవైపు తలుపుకు ఎదురుగా ఉంటే ఎంత ఖరీదైన కర్టెన్ వేసినా, అది కాస్త పక్కకు జరిగిన ప్రతిసారీ తల్లి బయటపడిపోతుంది. ముందు టేబుల్ తిప్పండి. దానికి డబ్బు ఖర్చు లేదు.

కొండల మీదనుంచి వచ్చే సవర, కువి గిరిజన ఆడవాళ్లు బాధను ఓర్చుకుంటారు గానీ నలుగురిలో బట్ట తొలగించడాన్ని ఓర్చుకోలేరు. "సిగ్గేస్తోంది దిదీ" అని కూడా అనరు, రెండోసారి రారంతే. మా తెలుగువాళ్లూ అంతే. ప్రసవాల గదులు బాగుచేయడానికి 2017లో కేంద్రం మొదలుపెట్టిన 'లక్ష్య' కార్యక్రమంలో లేబర్ రూమ్ టేబుళ్ల మధ్య తెరలుండాలని అడుగుతారు. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో కూడా గౌరవం, గోప్యత ఉన్నాయి, మగ డాక్టరు ఆడ రోగిని పరీక్షించేటప్పుడు పక్కన ఒక ఆడమనిషి ఉండాలన్న మాట కూడా ఉంది. తనిఖీకి వచ్చేవాళ్ల కోసం కాకుండా ఆ రెండోసారి రాని మనిషి కోసం తెర కొనండి.

ఇక ఏ రకం కొనాలి? మడత స్క్రీన్, పై ట్రాక్ కర్టెన్ అని ముఖ్యంగా రెండున్నాయి. చక్రాల మీద నడిచే మూడు రెక్కల మడత స్క్రీన్ చౌక, ఎక్కడికైనా తోసుకుపోవచ్చు. ఇంజెక్షన్ రూమ్‌కి, ఈసీజీ తీసే మూలకి, ఓపీ పరీక్ష బల్లకి అది చాలు. వార్డుకి మాత్రం చాలదు. లెక్క చూడండి. ఒక్కో రెక్క రెండడుగులనుకుంటే మూడూ కలిపి ఆరడుగులు. అది పడిపోకుండా నిలబడాలంటే వంకరగా పెట్టాలి, అప్పుడు కప్పేది ఐదడుగులే. మంచం ఆరున్నర అడుగుల పైమాటే. అంటే ఒక స్క్రీన్ మంచం ఒక వైపును కూడా పూర్తిగా కప్పదు. మూడు వైపులకీ మూడు స్క్రీన్లు నిలబెడితే నర్సు నడవడానికి దారుండదు. పైగా రాత్రి డ్యూటీలో ఒక్కతే ఉన్న పిల్ల, వార్డు చివరనుంచి స్క్రీన్ ఈడ్చుకొచ్చి, పని చేసి, మళ్లీ ఈడ్చుకెళ్తుందా? అలసిపోయినప్పుడు తెర లేకుండానే బెడ్‌పాన్ పెట్టేస్తుంది. ఆమెను తప్పుపట్టలేం. చేతికి అందేలా, మంచం పక్కనే ఉన్న తెరనే రోజూ వేస్తారు.

మడత స్క్రీన్ తీసుకుంటే చక్రాల్లో కనీసం రెండింటికి బ్రేకులుండాలి. స్క్రీన్ అడుగుభాగం వెడల్పుగా ఉండాలి, లేకపోతే ఫ్యాన్ గాలికే పడిపోతుంది. వంశధార పక్కన వానాకాలం తేమకు మామూలు పెయింట్ వేసిన ఇనుప పైపు వెల్డింగ్ దగ్గర తుప్పు పడుతుంది. పౌడర్ కోటింగ్ గానీ, స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ అడగండి. బట్ట విప్పి ఉతకడానికి వీలుందో లేదో షాపులోనే ఒకసారి విప్పి చూడండి.

పై ట్రాక్ విషయంలో మన వార్డుల్లో పెద్ద చిక్కు సీలింగ్ ఫ్యాను. పుస్తకాల్లో, క్యాటలాగుల్లో బొమ్మలన్నీ ఏసీ వార్డులవి. మనకు పదడుగుల పైన స్లాబు, మధ్యలో ఫ్యాను. ట్రాక్‌ను స్లాబుకే అంటించి పైనుంచి కిందిదాకా బట్ట వేస్తే గాలి రాదు, ఎండాకాలంలో లోపలున్నవాళ్లు ఉడికిపోయి తామే తెర తీసేస్తారు. అందుకని ట్రాక్‌ను రాడ్లతో ఏడడుగుల ఎత్తు దాకా దించి వేలాడదీయించండి. ఫ్యాన్ రెక్కలు ట్రాక్‌కీ బట్టకీ దూరంగా తిరగాలి. పై నుంచే వేయాల్సి వస్తే మీద అడుగున్నర దాకా వల బట్ట ఉన్న కర్టెన్ తీసుకోండి, గాలీ వెలుతురూ వస్తాయి. మంటలకు పైనుంచి నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు ఉన్న ఆసుపత్రిలో ఆ వల తప్పనిసరి, లేకపోతే మంటలు లేచినప్పుడు నీళ్లు బట్టకు తగిలి ఆగిపోయి మంచం మీద పడవు.

రాడ్లు ఎక్కడ బిగిస్తున్నారో కళ్లారా చూడండి. జిప్సమ్ ఫాల్స్ సీలింగ్ ట్రాక్ బరువు మోయదు, పైన స్లాబులోకి పోవాలి. రేకుల షెడ్డయితే రేకుకు ఏమీ కట్టొద్దు, గోడనుంచి గోడకు పైపు వేయించుకోండి. మూల తిరిగే చోట రెండు ముక్కలు అతికిస్తే బట్టను మోసుకుంటూ ట్రాక్‌లో జరిగే రన్నర్ అక్కడే ఇరుక్కుంటుంది. ఒకే ముక్కను వంచి ఇమ్మని అడగండి.

కొలత తీసేటప్పుడు మంచాన్ని కాదు, మంచం పక్కన నిలబడే నర్సునూ ట్రాలీనీ కలిపి కొలవండి. మూడడుగుల మంచానికి అటూ ఇటూ రెండున్నర అడుగులు వదిలితే ముందు వైపు ఎనిమిదడుగులు. పక్కలు కూడా ఎనిమిదేసి వస్తే మొత్తం ఇరవైనాలుగు. బట్ట ట్రాక్ కంటే కనీసం పదో వంతు ఎక్కువుండాలి, అంటే ఇరవైఆరు అడుగుల పైమాటే. సరిగ్గా సరిపోయే బట్ట కుట్టిస్తే రెండు అంచుల మధ్య ఎప్పుడూ ఒక సందు మిగులుతుంది, ఆ సందులోంచే అందరూ చూస్తారు. కింద నేలకు అడుగు ఎత్తులో ఆగాలి. తుడవడానికి వీలుంటుంది, లోపల ఎవరైనా పడిపోతే బయటికి తెలుస్తుంది. తెర తీసినప్పుడు కుప్ప పడే చోట ఆక్సిజన్ పాయింటు, కాలింగ్ బెల్లు ఉండకూడదు.

బట్టను చేత్తో తడిమి కొనొద్దు. ఫోన్ టార్చ్ వెలిగించి వెనక పెట్టండి, మధ్యలో ఒక మనిషిని నిలబెట్టండి. మనిషి ఆకారం నీడలా కనిపిస్తే ఆ బట్ట వద్దు. రాత్రి పరీక్ష లైటు వేస్తే వార్డంతా అదే చూస్తుంది. పసుపు రంగు పసిపిల్లల వార్డుకు అస్సలు వద్దు, ఆ వెలుతురులో కామెర్లు ఉన్నాయో లేవో కనిపెట్టలేం. ముదురు నీలం కూడా ఒంటి రంగును మార్చి చూపిస్తుంది. లేత బూడిద, లేత గోధుమ రంగులు నాకు నమ్మకం.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఉతుకు గురించి. తెరను గ్లవ్స్‌తో పట్టుకుంటారు, మందుల ట్రే పట్టుకున్న చేత్తో లాగుతారు, చుట్టాలు చేతులు తుడుచుకుంటారు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో 43 కర్టెన్లను పరిశీలించి 2012లో ప్రచురించారు. వాటిలో 41 ఏదో ఒక రోజు రోగకారక క్రిములతో దొరికాయి. కొత్తగా వేసిన 13లో 12 వారంలోపే అలా అయ్యాయి. మన దగ్గర సంవత్సరానికోసారి, తనిఖీ వస్తుందంటేనే ఉతుకుతారు. యాంటీబ్యాక్టీరియల్ బట్ట అని సేల్స్‌మన్ చెబితే సంతోషించండి గానీ ఉతుకు మానొద్దు.

మంచానికి మూడు సెట్లు లెక్కేసుకోండి: ఒకటి వేసినది, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. ఒకే పెద్ద తెర కంటే హుక్కులతో తేలిగ్గా ఊడే రెండు ముక్కలు మేలు, ఆయమ్మ ఒక్కతే స్టూలెక్కి విప్పగలగాలి. రక్తం పడితే ఆ పూటే మార్చాలి. అంటురోగమని విడిగా ఉంచిన ఐసొలేషన్ రోగి వెళ్లిపోగానే మార్చాలి. మిగతావాటికి అంచున తేదీ రాసిన ట్యాగు కుట్టించి, నెలకోసారి అని పెట్టుకోండి. వేడినీళ్ల ఉతుకు తట్టుకుంటుందా అని లేబుల్ చూడండి, 71 డిగ్రీల దాకా తట్టుకోవాలి. మీ చాకలి చన్నీళ్లలోనే ఉతికేటట్టయితే లాండ్రీ సంగతి తేల్చుకున్నాకే బట్ట సంగతి తేల్చండి.

తేలిగ్గా నిప్పు అంటుకోని బట్ట కావాలంటే పోగులోనే ఆ గుణం ఉన్న పాలిస్టర్ అడగండి, పైపూత కొన్ని ఉతుకుల్లో పోతుంది. టెస్ట్ సర్టిఫికెట్ కాగితం చూపించమనండి.

తెర చూపును ఆపుతుంది, మాటను ఆపదు. హెచ్‌ఐవీ, గర్భస్రావం, ఇంట్లో కొట్టడం లాంటివి తెర వెనక అడిగితే పక్క మంచానికి అన్నీ వినిపిస్తాయి. తలుపున్న చిన్న గది ఒకటి ప్లాన్‌లోనే వదలండి.

బిగించాక చివరి బిల్లు కట్టేముందు, మీ దగ్గరున్న నర్సుల్లో పొట్టి అమ్మాయిని పిలిచి, ఒక చేతిలో ట్రే పెట్టి, ఇంకో చేత్తో తెర పూర్తిగా లాగమనండి. మధ్యలో ఇరుక్కుంటే, సందు మిగిలితే, కాంట్రాక్టర్‌ను అప్పుడే సరిచేయమనండి.