వెబ్‌సైటులో కొత్త హంగులు: ఉంచాలో వద్దో తేల్చుకునే పద్ధతి

తిరుపతిలో లాడ్జి నడిపేవారికైనా, చిత్తూరులో మామిడి గుజ్జు ఎగుమతి చేసేవారికైనా, శ్రీకాళహస్తిలో కలంకారీ వస్త్రాలు అమ్మేవారికైనా వెబ్‌సైటు తయారుచేసేవారు ముందుగా చూపించేది హంగులనే. తెరంతా పరచుకునే వీడియో, వాటంతటవే మారే బొమ్మలు, గాజుపలకలా మెరిసే బటన్లు, పేజీ జరిపేకొద్దీ తేలివచ్చే అక్షరాలు చూడగానే ఆకట్టుకుంటాయి. వీటిలో కొన్ని నిజంగా ఉపయోగపడతాయి. ఎక్కువభాగం మాత్రం వచ్చినవారి పనికి అడ్డుతగులుతాయన్నది నా నిశ్చితాభిప్రాయం. ఏది ఎటువంటిదో యజమాని స్వయంగా పరీక్షించుకోవచ్చు. అందుకు సాంకేతిక విద్య అక్కరలేదు.

ముందుగా, సైటుకు వచ్చేవారు ఏ పని మీద వస్తున్నారో కాగితం మీద రాసుకోవాలి. ఇది ఊహించి రాసేది కాదు. లాడ్జి అయితే రిసెప్షన్‌లో ఫోను ఎత్తే ఉద్యోగిని అడిగి రాయవలసినది. గది అద్దె ఎంత, ఎన్ని గంటలకు ఖాళీ చేయాలి, బస్టాండు నుంచి ఎంత దూరం, తెల్లవారుజామున అలిపిరికి ఆటో దొరుకుతుందా, వేడినీళ్లు ఎప్పుడు వస్తాయి, కారు నిలపడానికి చోటుందా అన్నవే సాధారణంగా ఆ జాబితాలో ఉంటాయి. ఏ హంగును ప్రతిపాదించినా ఈ ప్రశ్నలలో దేనికి జవాబును దగ్గర చేస్తుందో చెప్పమని తయారీదారుని అడగాలి. జవాబు రాకపోతే దానిని అక్కడితో పక్కన పెట్టవచ్చు.

హోమ్‌పేజీలో బొమ్మలు మార్చే స్లైడరునే తీసుకుందాం. అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయం సైటులో దీనిని ఎవరు నొక్కుతున్నారో లెక్కించి 2013లో వెల్లడించారు: నొక్కినవారు నూటికి సుమారు ఒక్కరు, ఆ నొక్కులలోనూ అత్యధికం మొదటి బొమ్మ మీదే. అంటే రెండో బొమ్మ మీద అద్దె, మూడో బొమ్మ మీద ఫోను నంబరు పెట్టిన లాడ్జి యజమాని వాటిని దాచిపెట్టినట్టే. ఒక్క మంచి ఫోటో, దాని కిందే అద్దె, నొక్కగానే ఫోను కలిసే నంబరు ఉంటే చాలు.

వీడియో విషయంలో బరువు, అంటే ఫైలు పరిమాణం, చూడాలి. రేణిగుంట వైపు వస్తున్న రైల్లో కూర్చుని, సిగ్నలు వస్తూ పోతూ ఉండగా గది వెతుక్కునే కుటుంబం మీ సైటుకు అసలు పాఠకులు. పేజీలోని ముఖ్యభాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలని గూగుల్ ప్రమాణాలు చెబుతున్నాయి. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత సాధనంలో సైటు చిరునామా ఇచ్చి, మొబైల్ విభాగంలో ఈ అంకెలు చూసుకోవచ్చు. అయితే సందర్శకులు తక్కువగా ఉండే సైట్లకు అక్కడ వాస్తవ వినియోగదారుల సమాచారం ఉండదు, కృత్రిమంగా పేజీని తెరిచి వేసిన అంచనా మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోనులో, వైఫై ఆపి, మొబైల్ డేటాతో తెరిచి చూడటాన్ని మించిన పరీక్ష లేదు. నంబరు నొక్కబోయే సమయానికి పైన ఏదో ప్రకటన దిగి, వేలు మరొకదాని మీద పడుతోందేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

తెలుగు అక్షరాల విషయం తయారీదారులు చాలామంది పట్టించుకోరు, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ అదే. ఆంగ్ల లిపి కోసం గీసిన నమూనాలో పంక్తుల మధ్య ఎడం తక్కువగా ఉంటుంది. అందులో తెలుగు పోస్తే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులను తాకుతాయి, బటన్లలోనైతే వత్తులు సగానికి తెగిపోతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచే ఫ్యాషన్ తెలుగు పదాన్ని ముక్కలుగా చూపిస్తుంది. పైగా తెలుగు ఫాంటులో, అంటే అక్షరాల ఆకృతులను అందించే ఫైలులో, సంయుక్తాక్షరాల రూపాలు కూడా ఉండాలి కనుక ఫైలు బరువు ఎక్కువ. అలంకారం కోసం మూడు ఫాంటులు వాడితే ఆ భారం మూడింతలవుతుంది. ఒకే ఫాంటు, నోటో సాన్స్ తెలుగు వంటిది, సరిపోతుంది. ‘శ్రీకాళహస్తీశ్వరస్వామి’, ‘ఉష్ట్రం’ వంటి పదాలను శీర్షికలోనూ బటనులోనూ రాయించి, ఫోనులో పరిశీలించిన తరువాతే నమూనాను ఆమోదించాలి.

ఫోటో మీద పలుచటి గాజులా కనిపించే పలక పెట్టి దానిపై రాయడం మరో మోజు. సాధారణ పరిమాణంలోని అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వెలుగు వ్యత్యాసం కనీసం 4.5కు 1 ఉండాలని, చూపు మందగించినవారితో సహా అందరూ సైటును వాడగలిగేలా రూపొందించిన వెబ్ సౌలభ్య ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. ఎండలో నిలబడి చూసే యాత్రికునికి అది కనీసావసరం. దానంతటదే మొదలై ఐదు సెకన్లకు మించి కదిలేదేదైనా ఆపడానికి వీలుండాలని కూడా అవే ప్రమాణాలు చెబుతాయి. కదలికల వల్ల తల తిరిగేవారు ఫోను సెట్టింగులలో యానిమేషన్లు తగ్గించుకుంటారు, సైటు ఆ కోరికను గౌరవించాలి.

అన్నింటినీ తిరస్కరించనక్కరలేదు. ఫోను అమరికను బట్టి తెర నలుపు నేపథ్యానికి మారే డార్క్ మోడ్, అవసరమైనప్పుడే ఫోటోలను దించుకునే పద్ధతి, వాట్సాప్ బటన్ మేలు చేస్తాయి. కలంకారీ చీరలు చూపించే సైటులో మాత్రం అంతులేకుండా సాగే పేజీ వద్దు, చీర చూసి వెనక్కు వచ్చినవారికి ఆగినచోటు దొరకదు. ‘మరిన్ని చూపించు’ అనే బటన్ చాలు.

‘ఇంకా రెండు గదులే మిగిలాయి’ అని అబద్ధపు తొందర పెట్టే హంగు గురించి గట్టిగా చెప్పాలి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన మార్గదర్శకాలు ఇటువంటి 13 మోసపు పద్ధతులను నిషేధించాయి. కొనుగోలుదారుకు చెప్పకుండా బిల్లులో అదనపు వస్తువు చేర్చడం కూడా వాటిలో ఉంది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవారిని భయపెట్టి గది అమ్మడం చట్టానికే కాదు, తిరుపతి మర్యాదకూ విరుద్ధం.

హంగు పెట్టిన తరువాత ఫలితం కొలవడంలో తిరుపతికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. బ్రహ్మోత్సవాలు ఒక ఏడాది సెప్టెంబరులో, మరో ఏడాది అక్టోబరులో రావచ్చు. వైకుంఠ ఏకాదశి డిసెంబరులోనో జనవరిలోనో పడుతుంది. కాబట్టి నిరుటి అదే తేదీలతో పోల్చితే రద్దీ వల్ల పెరిగిన బుకింగులు కొత్త హంగు ఘనతగా కనిపిస్తాయి. పండుగలూ సెలవులూ లేని వారాలను ఎంచుకుని, వాటిలోనూ శనాదివారాలను వేరుగా లెక్కించి పోల్చాలి. లెక్కించవలసినవి ఫోను నొక్కులు, వాట్సాప్ సందేశాలు, పూర్తయిన బుకింగులు మాత్రమే. సైటులో గడిపిన సమయం పెరిగిందని తయారీదారు చూపిస్తే సంతోషించవద్దు, అద్దె ఎక్కడుందో దొరకక తిరుగుతూ ఉండవచ్చు.

లెక్కలు చాలనంత చిన్న సైటు అయితే ఐదుగురిని కూర్చోబెట్టి చూడండి. వెబ్‌సైట్లు వాడటంలోని సులువును పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లో సూచించిన సంఖ్య ఇది. బంధువులు కాకుండా, ఒక పెద్దావిడ, తమిళం మాత్రమే వచ్చిన ఒకరు ఉండేలా ఎంచుకుని, ‘రేపటికి నలుగురికి గది చూడండి’ అని ఫోను చేతికివ్వాలి. సాయం చేయకూడదు, మాట అందించకూడదు. ఎక్కడ ఆగారో రాసుకోవాలి. ముగ్గురు ఒకేచోట ఆగితే అక్కడున్నదానిని తీసివేయించాలి. ప్రతి హంగునూ మిగతా సైటు చెడకుండా విడిగా తొలగించగలిగేలా అమర్చాలన్న షరతును పని అప్పగించేటప్పుడే ఒప్పందంలో రాయించుకోవాలి, లేకపోతే ఆ తొలగింపుకు మళ్లీ కొత్త సైటుకయ్యే ఖర్చు అడుగుతారు.